బ్యాటరీ పోయిందని ఎవరన్నారు?

ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి గడిస్తే అన్నోజిగూడ. ఒక పక్క పోచారం ఐటీ క్యాంపస్‌లు, ఇంకాస్త ముందుకు పోతే ఘట్‌కేసర్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కథ ఇలాంటి చోటే నడుస్తుంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి లాట్లుగా వదిలించుకునే మెషీన్లు, సికింద్రాబాద్ సీటీసీ లాంటి బజార్లలో చేతులు మారి, బీటెక్ పిల్లల బ్యాగుల్లోకి చేరతాయి. అమ్మేవాడు అన్నీ పొగిడి, చివర్లో గొంతు తగ్గించి ఒక మాట చెబుతాడు: "బ్యాటరీ ఒక్కటే కొంచెం వీక్."

ఆ 'కొంచెం' ఎంతో చూద్దామని ఇక్కడి గల్లీలో ఒక రిపేరు దుకాణానికి వెళ్లాను. ఒకే షట్టరు. లోపల ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ గన్, అంకెలు మెరిసే డీసీ పవర్ సప్లై. దుకాణదారుకు నలభై ఏళ్లుంటాయేమో. అందరూ అన్నా అంటున్నారు.

నేను కూర్చునేసరికి ఒక కుర్రాడు తన డెల్ ల్యాటిట్యూడ్ బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఛార్జింగ్ ఎక్కుతలేదు. బ్యాటరీ మార్చాలె."

"బ్యాటరీ పోయిందని ఎవరు చెప్పిన్రు తమ్మీ? ఛార్జర్ తెచ్చినవా?"

తెచ్చాడు. దుకాణదారు మెషీన్ సంగతి పక్కనపెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పటి సంది? ఛార్జర్ మెషీన్‌తోనే వచ్చిందా, మధ్యల కొన్నదా? స్లో అయిందా? కుర్రాడు ఆశ్చర్యపోయాడు. అవునట, వారం నుంచి బ్రౌజర్ తెరవడానికే నానా అవస్థ. విండోస్ మళ్లీ ఎక్కించాడట, లాభం లేదు.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఛార్జింగ్ ఎక్కకపోవడం, మెషీన్ నెమ్మదించడం రెండు రోగాలనుకుంటాం. ఇక్కడ మూలం ఒక్కటే. ఈ తరం డెల్ ఛార్జర్ల గుండ్రటి మొనలో, మధ్యన సన్నటి పిన్ను ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు. ఛార్జర్ లోపలి చిన్న చిప్ "నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని" అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది ఆ దారినే. పిన్ను వంగినా, లోపల సన్న తీగ తెగినా ఆ మాట అందదు. గుర్తు తెలియని ఛార్జర్‌ను నమ్మని మెషీన్, నడవడానికి మాత్రం కరెంటు తీసుకుంటుంది. బ్యాటరీకి ఎక్కించదు, ప్రాసెసర్ వేగాన్నీ బాగా తగ్గించేస్తుంది. స్టార్ట్ చేస్తూ ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళితే, ఛార్జర్ రకం ఎదుట 'అన్‌నోన్' అని కనబడుతుంది. కనబడింది కూడా. దుకాణంలోని వేరే ఛార్జర్ తగిలించగానే అక్కడ 65 వాట్లు అని వచ్చింది. ఛార్జింగ్ లైటు వెలిగింది.

మీటరు పెట్టి చూడరా అని అడిగాను. "ఖాళీగ చూస్తే ప్రతి ఛార్జర్ మంచిదే సార్, 19.5 వోల్టులు చూపిస్తది. లోడ్ పెడితేనే అసలు రంగు బయటపడ్తది." కుర్రాడు పాత ఒరిజినల్ ఛార్జర్ ఒకటి కొనుక్కొని వెళ్లిపోయాడు. బ్యాటరీ అమ్మి ఉంటే దుకాణానికి దానికి రెండు మూడింతలు వచ్చేది.

తర్వాతి మెషీన్‌లో నిజంగానే బ్యాటరీ పోయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ', ఒక స్లాష్, 'బ్యాటరీరిపోర్ట్' అని కొడితే విండోస్ ఒక నివేదిక రాసిపెడుతుంది. కొనేముందు అమ్మేవాడి ఎదుటే ఇది తీయించాలి, రెండు నిమిషాల పని. ఈ మెషీన్ నివేదికలో తయారైనప్పటి సామర్థ్యం 47 వాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కితే 18. విచిత్రమేమిటంటే ఛార్జింగ్ సైకిళ్లు వంద కూడా దాటలేదు. వాడకుండానే అరిగిపోయిందా?

అంతే. ఆఫీసు బల్ల మీద ఏళ్ల తరబడి ఛార్జర్‌కు కట్టేసి ఉన్న మెషీన్ అది. లిథియం సెల్‌ను 4.2 వోల్టుల వద్ద నిండా నింపి వేడిలో ఉంచితే లోపలి రసాయనం దానంతటదే క్షీణిస్తుంది. అందుకే సైకిళ్లు తక్కువ ఉన్నాయని సంబరపడటంలో అర్థం లేదు. చాలా బిజినెస్ మోడళ్లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది. కొత్త బ్యాటరీ వేసిన రోజే అది పెట్టుకోవాలి. మన మే నెల ఎండల్లో ఇంకా అవసరం.

అదే మెషీన్ 40 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతోంది. మూడు సెల్ గుంపులు వరసగా కలిపిన ప్యాక్‌లో ఒక గుంపు బలహీనపడితే, మిగతా రెండింట్లో ఛార్జ్ ఉన్నా అది ముందే అడుగంటుతుంది. రక్షణ సర్క్యూట్ మొత్తాన్ని ఆపేస్తుంది. ఆ గుంపులోని సెల్లు మాత్రం మార్చవచ్చు కదా అంటే ఆయన ఒప్పుకోలేదు. సెల్లు విడదీసినప్పుడు లోపలి చిప్ తాళం పడిపోయే మోడళ్లు చాలా ఉన్నాయట. "ఒకటి కొత్తది, రెండు పాతవి కలిపితే కొత్తది గూడ పాతదైతది" అన్నాడు.

కొత్తది కొనడంలోనూ మెలిక ఉంది. పాత మోడల్‌కు ఒరిజినల్ దొరికిందంటే అది ఎప్పుడో తయారై గోదాములో పడున్నది కావచ్చు. లేబుల్ మీద తయారీ తేదీ చూడాలి. మరీ అడుగంటా ఖాళీ అయి పడున్న సెల్‌లో రాగి కరుగుతుంది, బలవంతంగా ఛార్జ్ చేస్తే లోపల షార్ట్ కావచ్చు. అలాంటిది చౌకగా వచ్చిందని తీసుకోవడం కంటే, నమ్మకమైన చోట ఈ మధ్య తయారైన కంపాటిబుల్ బ్యాటరీ నయమని నా అభిప్రాయం.

బల్ల కింద ఇసుక పోసిన ఇనుప డబ్బా ఉంది. అందులో ఉబ్బిపోయిన బ్యాటరీలు. టచ్‌ప్యాడ్ పైకి లేచిందని తెచ్చే మెషీన్లలో దొరికేవివే. లోపల ద్రవం విడిపోయి గ్యాస్ చేరుతుంది. సూది గుచ్చి గాలి తీస్తే సరిపోతుందనుకునే వాళ్లున్నారట. అది నిప్పుతో ఆట. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. ఈ గల్లీకి మాత్రం పాత సామాన్ల బండి ఒక్కటే వస్తుంది. కిలో లెక్కన అడిగినా ఆయన ఇవ్వడు.

"పగలగొడ్తడు సార్, అంటుకుంటది."

డబ్బా నిండాక తనే స్కూటర్ మీద రీసైక్లింగ్ కంపెనీ సేకరణ కేంద్రానికి తీసుకెళ్లి ఇచ్చొస్తాడట. పెట్రోలు ఖర్చు తనదే.