పెద్ద పడవకి పిల్ల పడవ

మొన్న ఆదివారం ఇంకా కాఫీ కూడా తాగలేదు, అమెరికా నుంచి మా మేనల్లుడి ఫోను. "మామా, చిన్న పడవొకటి కొనాల. ఎట్లాంటిది తీసుకోమంటావు?"

నేనుండేది తలుపులలో. ఈ చుట్టుపక్కల బోరు ఎన్ని అడుగులు దింపితే తడి తగులుతుందో అడిగితే చెప్తాను గానీ, పడవల సంగతి నాకేం తెలుసండీ! ఆ మాటే అంటే వాడు వినడు. "హొస్పేటలో ఉద్యోగం చేసేటప్పుడు పుట్టిలో తిరిగినానని చిన్నప్పుడు కథలు చెప్పింది ఎవురు?" అన్నాడు. దొరికిపోయాను.

అసలు విషయం ఏమంటే, వాడు చీసపీక్ అఖాతం ఒడ్డున 32 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. ఐశ్వర్య బొడ్డపాటి, పాతర్లపల్లి స్వాతి మరో నలుగురు నౌకాదళం అమ్మాయిలతో కలిసి 2017 సెప్టెంబరులో గోవాలో 'తారిణి' ఎక్కి, 2018 మేలో భూగోళం చుట్టి వచ్చినప్పటి నుంచీ పట్టుకున్న పిచ్చి అది. "ఉండేది ఒకటుంది కదరా, మళ్లీ చిన్నదెందుకు?" అన్నాను. పెద్ద పడవ అడుగు నీళ్లలోకి అయిదడుగులు దిగి ఉంటుందట. ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరు వేసుకోవాలి. పాలకీ కూరగాయలకీ నేల మీదికి రావాలంటే వెనకాల ఓ పిల్ల పడవ ఉండాలి. మన పెళ్లి బస్సు సందులోకి తిరగలేక మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతే, సామాన్లు ఆటోలో ఇంటికి చేరుస్తామే, అదన్నమాట.

ఇది కొత్త బాధేం కాదు. మద్రాసులో రేవు కట్టకముందు తెల్లవాళ్ల ఓడలన్నీ సముద్రంలో దూరంగానే నిలిచేవి. మనుషుల్నీ మూటల్నీ అలలు దాటించి ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. ఆ పేరు మన బందరు మీదుగానే వచ్చిందని కొందరంటారు. పలకల్ని మేకులతో బిగించకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అల కొడితే పడవ పగలకుండా కాస్త వంగి ఊరుకునేది. ఇలాంటి పిల్ల పడవని ఇప్పుడు అమెరికాలో డింగీ అంటున్నారే, ఆ మాట కూడా ఇక్కణ్ణుంచి పోయిందే, మన వంగదేశపు డింగి.

ఇక బేరం. వాడి ముందు రెండున్నాయి. ఒకటి గాలి కొట్టే రబ్బరు పడవ, రెండోది గట్టి ఫైబరు పడవ. రబ్బరుది నాకు బాగా తెలుసు. మా చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు కూర్చునే లారీ ట్యూబుకి అది పెద్దన్న. తేలిక, ఒరగదు, గాలి తీసి మడిచి మూల పడేయొచ్చు. ట్యూబుకి మన దగ్గర శత్రువు సర్కారు తుమ్మ ముల్లు, అక్కడ ఆల్చిప్పలు. పైగా ఎండ. కానీ వాడు మోటారు వద్దు, తెడ్లతోనే పోతానంటున్నాడు. అక్కడ తేలిపోయింది. రబ్బరు పడవ నీటి పైపైన కూర్చుంటుంది. ఎదురుగాలిలో తెడ్డు వేస్తే పక్కకి కొట్టుకుపోతుంది.

ఆ అవస్థ నాకు పుట్టిలో అనుభవం. వెదురు బద్దల బుట్ట, కింద తారు పూసిన పట్టా. పూర్వం తోలు ఉండేది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు పాయిస్ వీటి గురించి రాశాడు: పదిహేను ఇరవై మంది పడతారు, గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటిస్తారు, కానీ తిరుగుతూనే ఉంటాయి, తిన్నగా పోవు అని. పుట్టి నడిపే ముసలాయన ఓ రోజు నా చేతికి తెడ్డు ఇచ్చాడు. నేను పక్కన వేశాను. కొండ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు, మళ్లీ కుడివైపు! ఆయన బీడీ తీసి, "ముందుకేసి నీళ్లను నీ వైపు లాక్కో సామీ" అన్నాడు. అప్పుడు కదిలింది.

అందుకే మా వాడికి చెప్పాను: గట్టిదే తీసుకో. అడుగున వెనక వైపు నిలువు పలక ఉందేమో వంగి చూడు, తిన్నగా నడిపేది అదే. తెడ్లు పొట్టివి అంటగడతారు, ఒప్పుకోవద్దు. నాలుగడుగుల వెడల్పు పడవకి ఏడు, ఏడున్నర అడుగులవి కావాలి, అవి పడవలోనే పట్టాలి. అంచు చుట్టూ లావు తాడు కట్టించు, లేకపోతే రాత్రంతా పెద్ద పడవని ఢీకొంటూ నిద్ర పోనివ్వదు. పొడవెంతంటావా, నీ పెద్ద పడవ మీద బోర్లించడానికి చోటెంతుందో టేపుతో కొలుచుకుని అప్పుడు అంగడికి పో. డబ్బిచ్చే ముందు నువ్వూ ఇంకొకరూ ఎక్కి, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు పెట్టి చూడండి. అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు మిగలకపోతే ఆ పడవ వద్దు.

వారం తిరక్కుండా ఎనిమిదడుగులది కొన్నాడు. ఫోటో పంపాడు. తెడ్లు మాత్రం పొట్టివే! తిట్టాను, మారుస్తానన్నాడు.

మనకా, పడవ ఎక్కే యోగం ఈ సీమలో అరుదు. గొల్లపల్లి రిజర్వాయరుకి కృష్ణ నీళ్లు వచ్చినా, పెనుకొండ పోయేవాళ్లు కట్ట మీద నిలబడి చూసి రావడమే. మీకెవరికైనా సరదా ఉంటే హంపి దాకా పోయి పుట్టి ఎక్కండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకండి, నట్టనడుమ పెట్టండి.