లెక్కకు రాని బిడ్డలు

మధ్య ఆఫ్రికాలోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో చివరిసారిగా జనాభా లెక్కలు జరిగింది 1984లో. అప్పుడు ఆ దేశం పేరు జైర్, పాలకుడు మొబుటు. నాడు తేలిన జనం సుమారు 3 కోట్లు. నేడు అక్కడ 10 కోట్లకు పైగా ప్రజలున్నారని అంచనా. ఈ ‘అంచనా’ అన్న మాటను గుర్తుంచుకొని ముందుకు చదవవలసిందిగా మనవి. ఒక వైద్యునిగా నేను చెప్పదలచినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కాంగో పేరుతో పక్కపక్కనే రెండు దేశాలున్నాయి. నదికి ఒక ఒడ్డున బ్రాజవిల్, ఎదుటి ఒడ్డున కిన్షాసా. నేను ప్రస్తావిస్తున్నది కిన్షాసా రాజధానిగా గల పెద్ద దేశాన్ని. దాని వైశాల్యం 23 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే భారతదేశంలో మూడింట రెండు వంతులకు మించి. రెండు వందలకు పైగా జాతులవారు అక్కడ నివసిస్తారు. అధికార భాష ఫ్రెంచి. లింగాల, స్వాహిలి, కికోంగో, చిలుబా జాతీయ భాషలు. 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం లభించింది. 2006 నాటి రాజ్యాంగం ప్రకారం దేశాధ్యక్షుని పదవీకాలం ఐదేళ్ళు, గరిష్ఠంగా రెండు పర్యాయాలు. 500 మంది సభ్యుల జాతీయసభ, దానిపై సెనేట్, ఒక ప్రధానమంత్రి ఉంటారు. 2015 నుంచి 26 రాష్ట్రాలున్నాయి. కాగితం మీద చూస్తే ఇది మనకు పరిచయమైన ప్రభుత్వ నిర్మాణమే. అయితే తాను పాలించే ప్రజలు ఎందరో ఆ ప్రభుత్వానికి తెలియదు.

ఈ తెలియకపోవడం కొత్తది కాదు. 1885 నుంచి 1908 వరకు ఆ భూభాగం బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. రబ్బరు కోసం సాగిన వెట్టిచాకిరిలో, హింసలో, ఆకలిలో, వ్యాధుల్లో మరణించినవారు కోటిమంది ఉంటారని కొందరు చరిత్రకారులంటారు. అంతకన్నా చాలా తక్కువని మరికొందరి వాదన. ఈ వాదం తెగదు. ఎందుకంటే అంతకుముందు ఎందరు బ్రతికి ఉండేవారో ఎవరూ లెక్కించలేదు.

నూరేళ్ళ తరువాత అదే కథ పునరావృతమైంది. 1998లో మొదలైన యుద్ధం, దాని పర్యవసానాల వల్ల 2007 వరకు 54 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ అంచనా వేసింది. వారిలో అత్యధికులు తూటాలకు బలైనవారు కారు. మలేరియా, విరేచనాలు, న్యుమోనియా, పోషకాహార లోపం వంటివే ఆ ప్రాణాలను తీశాయి. ఈ సంఖ్య చాలా ఎక్కువని విమర్శించిన పరిశోధకులూ ఉన్నారు. యుద్ధం లేకుంటే ఏటా ఎందరు చనిపోయేవారన్న ప్రాతిపదిక పైనే వారి అభ్యంతరం. ఒక్క మనిషి మరణం కాదు, లక్షల మరణాలు నిజమా కాదా అని పండితులు వాదించుకోవలసి రావడం కంటే విషాదం ఏముంటుంది?

గతాన్ని పక్కనపెట్టి, వర్తమానంలో ప్రాణాలు తీసే లెక్కను చూద్దాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజుల్లో నెలనెలా టీకాల నివేదిక మీద సంతకం చేసేవాణ్ణి. టీకా వేయించుకున్న పిల్లల సంఖ్య లవం. వేయవలసిన పిల్లల సంఖ్య హారం. లవాన్ని సరిచూడడం సులభం, వాడిన సీసాలను లెక్కపెడితే చాలు. హారం మాత్రం గడపగడపకూ తిరిగితేనే దొరుకుతుంది. ఒక ప్రాంతంలో 1,000 మంది పసిపిల్లలున్నారని పాత లెక్కలను బట్టి భావించారనుకోండి. 950 మందికి టీకా వేస్తే 95 శాతం సాధించినట్లు నివేదిక వెళుతుంది. నిజానికి అక్కడ 1,400 మంది ఉంటే సాధించినది 68 శాతమే. మిగిలిన 450 మంది ఏ కాగితంలోనూ కనిపించరు. వారిని కనిపెట్టేది వ్యాధి ఒక్కటే.

తట్టు, అనగా మీజిల్స్, ఇటువంటి ఖాళీలను వెతికి పట్టుకోవడంలో అన్ని వ్యాధులకంటే నేర్పరి. దాన్ని నిలువరించాలంటే నూటికి 95 మందికి రెండు మోతాదుల టీకా అందాలి. 2019లో కాంగోలో తట్టు మహమ్మారిగా చెలరేగింది. 3 లక్షలకు పైగా అనుమానిత కేసులు, 6,000కు మించిన మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో అత్యధికులు చిన్నపిల్లలు. అదే కాలంలో దేశపు తూర్పు భాగంలో ఎబోలా వ్యాపించి, 2018 నుంచి 2020 వరకు సుమారు 2,300 మందిని బలిగొన్నది. ప్రపంచం దృష్టి, ధనం ఎబోలా వైపే మొగ్గాయి. యుద్ధం, రహదారుల లేమి, టీకాల కొరత, పోషకాహార లోపం కూడా తట్టు మరణాలకు కారణాలే. అయితే పిల్లలు ఎక్కడ, ఎందరున్నారో తెలియనప్పుడు టీకాలు ఎన్ని పంపాలో, ఎక్కడికి పంపాలో ఎలా నిర్ణయిస్తారు?

అక్కడ ఓటర్ల జాబితా ఉంది. ఓటరు కార్డే గుర్తింపు కార్డుగా చెలామణీ అవుతుంది. కానీ జనాభాలో సుమారు సగం మంది 18 ఏళ్ళ లోపువారే. వారికి ఓటు లేదు, అందువల్ల జాబితాలో పేరూ లేదు. ఐదేళ్ళలోపు పిల్లల్లో సగానికంటే తక్కువ మందికే జనన నమోదు జరిగింది. టీకా అవసరం మాత్రం వారికే.

మరి లెక్కించవచ్చు కదా అని మీరడగవచ్చు. 2015 జనవరిలో జోసెఫ్ కబీలా ప్రభుత్వం ఎన్నికలను జనాభా లెక్కలతో ముడిపెడుతూ బిల్లు తెచ్చింది. అంత పెద్ద దేశంలో లెక్కలు పూర్తయ్యేసరికి ఏళ్ళు పడుతుందనీ, అధ్యక్షుడు పదవిని పొడిగించుకోవడానికే ఈ ఎత్తుగడ అనీ ప్రజలు వీధుల్లోకి వచ్చారు. కిన్షాసాలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. సెనేట్ ఆ నిబంధనను సవరించింది. 2016లో జరగవలసిన ఎన్నికలు ఎలాగూ 2018 డిసెంబరు వరకు జరగలేదు; జనాభా లెక్కలూ జరగలేదు. మందును నమ్మని రోగికి మందు పనిచేయదని కాదు గాని, అతడు దానిని మింగడు. జనగణనకూ అంతే, అడిగేవారిపై నమ్మకం లేనిదే ఎవరూ తలుపు తీయరు.

ఆ నమ్మకం అక్కడ పూర్తిగా లేకపోలేదు. దేశం ఐదు వందలకు పైగా ఆరోగ్య మండలాలుగా విభజితమై ఉంది. ప్రభుత్వ యంత్రాంగం చేరలేని అనేక చోట్ల చర్చిలు నడిపే ఆసుపత్రులూ, స్థానిక నర్సులూ ఆ వ్యవస్థను నిలబెడుతున్నారు. 1976లో యాంబుకు గ్రామంలో అంతుపట్టని జ్వరం వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళి నమూనాలు సేకరించిన కాంగో వైద్యుడు జాన్ జాక్ ముయెంబే, నాలుగు దశాబ్దాల తరువాత ఎబోలా నియంత్రణకు నాయకత్వం వహించారు. రోగి ఎవరెవరిని తాకాడో ఒక్కొక్కరినీ పేరుపేరునా కనుగొని, 21 రోజులు గమనించడమే ఆ నియంత్రణకు మూలం. అది కూడా మనుషులను లెక్కించడమే.

మనమూ నిశ్చింతగా ఉండడానికి లేదు. 2011 తరువాత 2021లో జరగవలసిన మన జనగణన వాయిదా పడింది. ఇటుక బట్టీల దగ్గరా, కట్టడాల పక్కన గుడారాల్లోనూ వలస కూలీల పిల్లలు ఏ ఊరి రిజిస్టరులోనూ లేకుండా పెరగడం ఉద్యోగ జీవితమంతా చూశాను. మీ ఇంట బిడ్డ పుడితే 21 రోజుల్లోగా జనన నమోదు చేయించండి, టీకా కార్డును భద్రపరచండి. మీ వీధి చివర కొత్తగా గుడారం వెలిస్తే, అందులో పసిపిల్లలున్నారని ఆశా కార్యకర్తకు ఒక మాట చెప్పండి. హారంలో ఆ బిడ్డ చేరితేనే టీకా సీసా ఆ గుడారం దాకా వస్తుంది.