ఇంగ్లీషు వాక్యంలో నడుమ కూర్చునే మాట



ఈసారి గోడపత్రికలో నేను గ్రామర్ మీద రాస్తున్నానంటే మా గదిలో అందరూ "అమ్మో, గ్రామరా!" అన్నారు. గ్రామరే. కాని కూలి పైసలతో కూడా సంబంధం ఉన్న గ్రామర్. కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

ముందుగా మనం ప్రార్థనలో రోజూ చదివే ప్రతిజ్ఞ సంగతి చెప్తాను. దానిని 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాసినారు. వారిది నల్లగొండ దగ్గర అన్నెపర్తి గ్రామం. అప్పుడు వారు విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నారు. అంటే దేశమంతటా పిల్లలు చదివే ప్రతిజ్ఞ మొదట మన తెలుగులో పుట్టిందన్నమాట. అందులో 'సర్వదా' అనే మాట ఉంది కదా. ఇంగ్లీషు ప్రతిజ్ఞలో ఆ మాట 'ఆల్వేస్' అయింది. 'ఐ షల్ ఆల్వేస్ స్ట్రైవ్' అంటాము. తెలుగులో 'సర్వదా నేను' అని ముందే వచ్చిన మాట, ఇంగ్లీషులోకి పోయేసరికి 'షల్'కు 'స్ట్రైవ్'కు నడుమ ఎందుకు కూర్చున్నది?

కారణం మన భాషల్లోనే ఉంది. మన భాషల్లో క్రియ చివరికి వస్తుంది. తండాలో మాట్లాడే లంబాడీలో అంతే, బడిలో రాసే తెలుగులో అంతే. పైగా తెలుగులో 'చేయగలను', 'రావచ్చు', 'పోకూడదు' అంటాము. చేసే పని, చేయగల శక్తి రెండూ అతుక్కొని ఒకే మాట అయిపోతాయి. వాటి నడుమ ఇంకొక మాట పట్టదు. 'చెయ్యనే లేను' అన్నప్పుడు మాత్రం 'ఏ' అనే ఒక్క అచ్చు దూరుతుంది, అంతే. అందుకే 'తప్పకుండా' లాంటి మాటను మనం క్రియకు ముందు ఎక్కడ పెట్టినా చెల్లుతుంది. 'నేను తప్పకుండా రేపు వస్తాను' అన్నా సరే, 'తప్పకుండా నేను రేపు వస్తాను' అన్నా సరే.

ఇంగ్లీషులో 'చేయగలను' అనేది రెండు ముక్కలు. 'కెన్' ఒకటి, 'డూ' ఒకటి. కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్ అనే తొమ్మిదింటిని మోడల్స్ అని మనకు పాఠంలో చెప్పినారు. మోడల్‌కు, అసలు క్రియకు నడుమ కొంచెం జాగా ఉంటుంది. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డి పోయే బస్సులో ఇద్దరు కూర్చున్న సీటులో నడుమ చిన్నపిల్లను ఇరికించినట్లు, ఇంగ్లీషువాళ్ళు ఆ జాగాలో అడ్వెర్బును కూర్చోబెడతారు. నాకు అర్థమైనంతవరకు పద్ధతి ఇట్లా ఉంటుంది.

ఒకటి: ఎన్నిసార్లు అని చెప్పే నెవర్, ఆల్వేస్, ఆఫన్, ఎంత నమ్మకం అని చెప్పే సర్టెన్లీ, ప్రాబబ్లీ వంటి మాటలకు నడుమ జాగాయే సొంత ఇల్లు. 'ఐ విల్ నెవర్ ఫర్‌గెట్', 'షీ విల్ ప్రాబబ్లీ కమ్'.

రెండు: పని ఎట్లా చెయ్యాలో చెప్పే మాట ఎక్కువగా చివరికి పోతుంది. 'యూ మస్ట్ రైట్ ది ఆన్సర్ నీట్లీ'. 'రైట్ నీట్లీ ది ఆన్సర్' అని క్రియకు, కర్మకు నడుమ పెట్టరు.

మూడు: హెల్పింగ్ వెర్బులు రెండు మూడు వరుసగా ఉంటే చాలాసార్లు మొదటిదాని పక్కనే కూర్చుంటుంది. 'ది బిల్ విల్ సూన్ బీ పెయిడ్'.

నాలుగు: 'వోంట్', 'కాంట్' వచ్చినప్పుడు జాగ్రత్తగా చూడాలి. 'ప్రాబబ్లీ' ముందుకు జరుగుతుంది, 'షీ ప్రాబబ్లీ వోంట్ కమ్' అంటారు. 'రియల్లీ' అయితే జాగా మారితే అర్థమే మారుతుంది. 'ఐ రియల్లీ కాంట్ సే' అంటే అస్సలే చెప్పలేను అని. 'ఐ కాంట్ రియల్లీ సే' అంటే గట్టిగా చెప్పలేను, కొంచెం అనుమానం ఉన్నది అని. మాటలు అవే, చోటు వేరు.

చోటు మారితే ఏమవుతుందో ప్రపంచమంతా టీవీలో చూసిన రోజు ఒకటి ఉంది. 2009 జనవరి 20న అమెరికాలో బరాక్ ఒబామా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినారు. వాళ్ళ రాజ్యాంగంలో ఉన్న మాట 'విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్'. ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ 'ఫెయిత్‌ఫుల్లీ'ని నడుమ నుండి తీసి చివరన పలికినారు. ఒబామా ఒక క్షణం ఆగినారు. అర్థం మారలేదు. అయినా రాజ్యాంగంలో ఉన్నది ఉన్నట్లు పలకాలి కాబట్టి, ఎవరూ వేలు చూపకూడదని మరునాడు, జనవరి 21న, వైట్ హౌస్‌లో మళ్ళీ ప్రమాణం చేయించినారు. ఒక్క అడ్వెర్బు కోసం అంత పెద్దవాళ్ళు రెండోసారి చెయ్యి ఎత్తవలసి వచ్చింది!

మన రాజ్యాంగం 60వ అధికరణంలో రాష్ట్రపతి ప్రమాణం ఉంది. ఇంగ్లీషు ప్రతిలో అక్కడ కూడా 'విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్' అనే ఉంటుంది. 2022 జూలై 25న ఆ పదవీ ప్రమాణం చేసిన ద్రౌపది ముర్ము గారు సంతాల్ గిరిజనుల ఆడబిడ్డ, ఒకప్పుడు బడిలో టీచరు. మన దేశానికి మొదటి గిరిజన రాష్ట్రపతి. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఎంతో సంతోషమనిపించింది.

కొందరు మోడల్‌ను, క్రియను విడదీయకూడదని అనుకునేవారట. 1926లో వచ్చిన తన వాడుక నిఘంటువులో ఫౌలర్ అనే ఇంగ్లీషు పండితుడు విడదీయడానికి అభ్యంతరం ఏమీ లేదని రాసినాడు. కనుక నడుమ పెట్టడానికి మనం భయపడే పని లేదు. అయితే రాసేటప్పుడు భయం లేకున్నా, చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఎందుకంటే నడుమ కూర్చున్న మాట మెల్లగా పలుకుతుంది, కంటికి ఆనదు. ఇది నాకు మా కాకా వల్ల తెలిసింది.

మా కాకాకు రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయినయి. అప్పు మిగిలింది. మా దిక్కు చాలామంది పోయినట్టే తను కూడా గల్ఫ్‌కు పోతానని కామారెడ్డిలో ఒక ఏజెంటు దగ్గర కాగితం తెచ్చుకున్నాడు. సంతకం పెట్టేముందు, సెలవులకు వచ్చిన నన్ను చదవమన్నాడు. "జీతం తక్కువే గని, ఓవర్‌టైమ్ ఇస్తరట బేటీ. అది కలిస్తే అప్పు తీరుతది" అన్నాడు. కాగితంలో 'ది కంపెనీ విల్ నార్మల్లీ పే ఓవర్‌టైమ్' అని ఉంది. దాని కింద 'ఫుడ్ మే ఆల్సో బీ ప్రొవైడెడ్' అని ఉంది.

"ఇస్తరని లేదు కాకా. మామూలుగా అయితే ఇస్తరు అని ఉన్నది. తిండి గూడ పెడ్తమని కాదు, పెట్టవచ్చు అని ఉన్నది" అని చెప్పినాను. కాకా ఆ కాగితాన్ని చాలాసేపు చూసినాడు. 'విల్'కు 'పే'కు నడుమ ఉన్న మాట మీద వేలు పెట్టి "గిదేనా?" అని అడిగినాడు.

మరునాడు కామారెడ్డి పోయి ఏజెంటును అడిగితే "ఒక్క మాటకు ఏమైతది? అందరు గిదే కాగితం మీద సంతకం పెట్టి పోతున్నరు" అన్నాడట. "ఒక్క మాటే అయితే కొట్టెయ్యరాదు?" అన్నాడట మా కాకా. ఏజెంటు కొట్టెయ్యలేదు. కాకా సంతకం పెట్టలేదు. ఇప్పుడు కామారెడ్డిలోనే సెంట్రింగ్ పనికి పోతున్నాడు. అప్పు ఇంకా ఉంది. "పోతే నెలకు ఎంతో కొంత వచ్చేది గద" అని మా కాకి అంటుంది. ఆమె మాట కూడా తీసివేయలేము. కాని ఏమి రాసి ఉందో తెలిసి పోకుండా ఉండడం వేరు, తెలియక పోవడం వేరు అని మా కాకా అంటాడు.

చెల్లెళ్ళారా! మన ఇళ్ళకు బ్యాంకు నుండి, ఆఫీసు నుండి, ఏజెంటు నుండి ఇంగ్లీషు కాగితాలు వస్తూనే ఉంటాయి. ఇంట్లో చదవగలిగినది చాలాచోట్ల మనం ఒక్కరమే. ముందు విల్, షల్, మే, మస్ట్ ఎక్కడ ఉన్నాయో వెతికి కింద గీత గీయండి. 'విల్' అంటే మాట ఇచ్చినట్లు, 'మే' అంటే వాళ్ళ ఇష్టం. తరువాత దాని పక్కన ఏ మాట కూర్చున్నదో చూడండి. నార్మల్లీ, యూజువల్లీ, ఓన్లీ వంటివి కనబడితే ఆగి రెండోసారి చదవండి. పెద్దవాళ్ళకు ఆ ఒక్క మాట అర్థం కూడా విడిగా చెప్పండి.

ఈ కాగితం కింద కొంచెం జాగా వదిలినాను. దసరా సెలవుల నుండి వచ్చిన తరువాత మీకు దొరికిన వాక్యాలను పెన్సిలుతో అక్కడ రాయండి. అందరం కలిసి అర్థం చూద్దాము.

ఇట్లు
మీ అక్క,
పదవ తరగతి