చేయి కడిగితేనే చేయూత

మడి, అంటు అనే మాటలు మనవారికి కొత్తవి కావు. అయితే వాటితో ఎంత చిక్కు వస్తుందో, యానాంలో ఒక వృద్ధాశ్రమానికి కాగితాలు తర్జుమా చేసినప్పుడు గాని నాకు బోధపడలేదు.

ఆ ఆశ్రమంలో మా పెద్దమ్మ ఉంటున్నది. అక్కడి ఆయాలకు రోగాలు సోకకుండా చూసే పద్ధతుల్లో తర్ఫీదు ఏర్పాటు చేశారు. పాఠమంతా ఇంగ్లీషులో ఉన్నది. ఆఫీసులో రెండు భాషల కాగితాలూ చూసే గుమాస్తాను గనుక ఆ పని నాకు అప్పగించారు.

పాఠం కష్టమైనదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అయిదు వేళలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు, పుండుకు కట్టు కట్టడంవంటి పనికి ముందు, మలమూత్రాలు తగిలే పని తరువాత, రోగిని ముట్టుకున్న తరువాత, రోగి మంచమో బల్లో ముట్టుకున్న తరువాత చేతులు శుభ్రం చేసుకోవాలి. స్పిరిటు ద్రావకంతో అయితే 20 నుంచి 30 సెకండ్లు, సబ్బుతో అయితే 40 నుంచి 60. విరేచనాల రోగి దగ్గర సబ్బే వాడాలి. చేతికి తొడుగు వేసుకున్నంత మాత్రాన కడుక్కోవడం మానరాదు. ముసలివారికి జబ్బు సోకినా ఒక్కొక్కప్పుడు జ్వరం రాదు. అన్నం మానడం, మాట తడబడడం, మగతగా ఉండడమే గుర్తులు.

నేను "అంటు" అని చదవగానే ఒక ఆయా, "అయితే మామ్మగార్ని ముట్టుకోకూడదాండీ?" అని అడిగింది. 2020 నాటి కోవిడు భయం ఇంకా ఆమెను వదలలేదు కాబోలు. మొన్న వేసవిలో పెద్దమ్మకు విరేచనాలు పట్టుకుంటే నాలుగు రోజులు పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి పోయారట. తల దువ్వే దిక్కు లేదు. "జబ్బుకన్నా అదే బాధరా నాన్నా" అన్నది నాతో.

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు వైద్యుల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించగా బాలింతల చావులు ఎంతో తగ్గిపోయాయి. దోషం బాలింతలది కాదు, చేతులది. ఇది చెప్పి, "అంటు" కొట్టివేసి ఇట్లా వ్రాశాను: "క్రిమి చేతిని పట్టుకుని పోతుంది. చేయి కడుగు, మనిషిని విడవకు."

ఆయాలు తలలూపారు. అందులో ఒకామె, "బాగుందండీ, మరి సబ్బేదండీ?" అన్నది. ఆ ప్రశ్నకు తర్జుమా అక్కరలేదు. కుళాయి దగ్గర సబ్బు లేకుండా, ఒకే తువ్వాలు పదిమందికి తిప్పుతూ, పాఠాలు ఎన్ని చెప్పినా ఏమి లాభం?

మన పెద్దలు ఎందరో నేడు ఇట్లాంటి చోట్ల ఉన్నారు. చూడబోయేటప్పుడు పళ్లు తప్పక తీసుకుపోండి. పనిలో పనిగా, ఆ కుళాయి దగ్గర సబ్బున్నదో లేదో కూడా చూసి, లేకపోతే అడిగి రండి.