అమ్మ స్వెట్టరు, ఏలూరు తివాచీ

తాడేపల్లిగూడెంలో పొద్దున పాసింజరు ఎక్కేటప్పుడు నా సంచిలో ఉన్నది ఒక్కటే వస్తువు. నాన్న పాత పంచెలో చుట్టిన స్వెట్టరు. 1971 చలికాలంలో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో, నాన్న రాత్రి డ్యూటీల కోసం అమ్మ అల్లింది. రైలు ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. చలి అంటే ఏమిటో గోదావరి జిల్లా పిల్లకు అక్కడే తెలిసింది, సూదులు పట్టడం కూడా అక్కడే వచ్చింది. ముదురు నేరేడుపండు రంగు, గుండెల మీద పక్కపక్కనే రెండు జడ అల్లికలు.

దీనికి జత ఒకటి ఉండేది, తమ్ముడిది. రెండేళ్ళ కిందట నేనే దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళతో, రోజూ వాడే పౌడరుతో వేశాను. మూరకు పైగా ఉన్న స్వెట్టరు జానెడున్నరకు కుంచించుకుపోయింది. అట్టలా బిగిసింది. దాన్ని మళ్ళీ సాగదీయడం ఎవరివల్లా కాలేదు. అమ్మ అప్పటికే లేదు. మిగిలిన ఈ ఒక్కదాన్ని నీళ్ళలో పెట్టడానికి అప్పట్నుంచి నాకు చేతులు రాలేదు. అలాగని ఉతక్కుండా పెట్టెలో ఉంచితే పురుగుపాలు.

ఊలు సంగతి ఊలుతో బతికినవాళ్ళనే అడగాలి. మన కోస్తాలో అలాంటివాళ్ళు ఏలూరులో ఉన్నారు. ఉంగుటూరు, కైకరం, పూళ్ళ, భీమడోలు దాటి రైలు పడమటికి పోతుంటే ఎడమ పక్క దూరాన కొల్లేటి వైపు చేపల చెరువులు మెరుస్తూ కనిపించాయి. ఏలూరులో దిగి, తివాచీ నేతగాళ్ళు ఉండే తంగెళ్ళమూడి వెళ్ళాను.

ఏలూరు తివాచీ ఈ నేల మీదికి పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళ చేతుల్లో వచ్చిందని చెబుతారు. మచిలీపట్నం రేవు దగ్గరే, ఏలుబడి మొదట గోల్కొండది, ఆ తరవాత నిజాముది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ తివాచీల పేరు లండన్ దాకా పోయింది. 1851లో అక్కడ జరిగిన మహా ప్రదర్శనలో మన ఏలూరు తివాచీలు పరిచారు. 1908లో హెన్రీ హారిస్ దక్షిణాది తివాచీ నేత మీద మద్రాసులో ప్రచురించిన గ్రంథంలోనూ ఏలూరుకు చోటుంది. ఎండాకాలంలో ఉక్కపోతతో అల్లాడే ఊరిలో ఉన్ని పని ఇన్ని తరాలు నిలవడం మామూలు సంగతి కాదు.

నేను వెళ్ళిన ఇంట్లో ముందుగదంతా ఒక్క మగ్గమే. నిలువుగా బిగించిన నూలు పడుగు, దాని ముందు బల్ల మీద ఇద్దరు. ఒకరు డెబ్బై దాటిన సాయిబుగారు, పక్కన ఆయన కోడలు. ఎదురుగా గళ్ళ కాగితం మీద నక్షా. పడుగు పోగుల చుట్టూ రంగు ఊలు ముడి వేసి, కత్తితో తెంపి, వరస పూర్తికాగానే అడ్డంగా పేక పోసి ఇనప పంజాతో దిమ్మిస్తున్నారు. ముడి, తెంపు, ముడి, తెంపు. మాట్లాడుతున్నా చేతులు ఆగవు. ఒక వరస అయ్యాక చూస్తే గోరు మందం కూడా పెరగలేదు.

స్వెట్టరు విప్పి చూపించాను. సాయిబుగారు పని ఆపి, చేతులు తుడుచుకుని, రెండు అరచేతుల మీద దాన్ని తీసుకున్నారు. భుజాలు పట్టి ఎత్తలేదు. అది గమనించాను.

“ఎవరమ్మా అల్లింది?”

“మా అమ్మండీ. యాభై ఏళ్ళ పైమాట.”

“చేయి సమంగా పడింది. ఒక్క చోట కూడా బిగువు మారలేదు” అన్నారు. తరవాత తమ్ముడి స్వెట్టరు కథ విని కాసేపు మాట్లాడలేదు.

“నూలు చెట్టుదమ్మా. చౌడు పెట్టినా, ఉబ్బ వేసినా, బండకేసి బాదినా ఓర్చుకుంటుంది. ఇది గొర్రె వెంట్రుక. మీ తలకి చౌడు పెట్టి ఉబ్బ వేస్తారా?”

నాకు కావలసిన మాట అదే. మనకు తెలిసిన ఉతుకుడంతా నూలు బట్ట నేర్పింది. ఆ నేర్పు ఊలుకు శత్రువు. వెంట్రుక, గోరు, ఊలు మూడూ కెరాటిన్ అనే మాంసకృత్తే. సూక్ష్మదర్శినిలో చూస్తే ఊలు పోగు మీద ఇంటికప్పు పెంకుల్లా పొలుసులు వరసలుగా ఉంటాయి. వేడినీళ్ళలో, సబ్బు క్షారంలో ఆ పొలుసులు లేస్తాయి. అప్పుడు రుద్దితే, తిప్పితే పోగులు పక్క పోగుల పొలుసుల్లో ఇరుక్కుని ముందుకే జరుగుతాయి, వెనక్కి రావు. జుట్టు చిక్కుపడ్డట్టే, కాని దువ్వి విప్పగల చిక్కు కాదు. తమ్ముడి స్వెట్టరుకు జరిగింది ఇదే. బ్లీచింగ్ నీళ్ళు ఊలును ఏకంగా కరిగిస్తాయి. మరకలను తినే ఎంజైములున్న డిటర్జెంట్లలో కొన్ని మాంసకృత్తులనే తింటాయి. గుడ్డు మరక ఏదో, ఊలు ఏదో వాటికి తేడా తెలియదు.

“మరి ఎలా ఉతకాలండీ?”

జవాబు లోపల్నించి వచ్చింది. సాయిబుగారి భార్య గడప దగ్గరికి వచ్చి, “తలంటు పోసినట్టు పొయ్యాలి అమ్మాయ్. కుంకుడుకాయలతో” అన్నారు.

వాళ్ళ పెరటిలోనే ఒక చిన్న ఆసనం తివాచీని కడగడం చూశాను. సిమెంటు గచ్చు మీద పరిచి, ముందు దులిపారు, బోర్లించి మళ్ళీ దులిపారు. కుంకుడు రసం చల్లి, చెక్క పలకతో నీళ్ళను ఊలు వాలిన వైపే నెట్టుకుంటూ పోయారు. ఎదురు నెట్టలేదు, ఒక్కసారి కూడా. ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, పైగా తెల్లటి పొరలా ఊలును పట్టుకుంటుంది. కుంకుడుకాయకు ఆ ఇబ్బంది లేదు. అందులోని సాపోనిన్ క్షారం కాదు కనుక పొలుసులను లేపదు, మురికిని మాత్రం వదిలిస్తుంది. పట్టుచీరకూ, బంగారానికీ మన ఇళ్ళలో వాడింది అందుకే.

స్వెట్టరుకు, తివాచీకి తేడా కూడా సాయిబుగారు చూపించారు. తివాచీలో ఏ ముడికి ఆ ముడి విడి. ఒకటి ఊడినా పక్కది నిలుస్తుంది. అల్లికలో ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా నడుస్తుంది. ఒక ఉచ్చు తెగితే కింద వరసలన్నీ జారిపోతాయి. అందుకని ఉతికే ముందే చిరుగు వెతికి, ఊడిన ఉచ్చును దారంతో పట్టి ఉంచాలి. నీళ్ళలో పడ్డాక చిన్న కంత పెద్దదవుతుంది.

పది రోజుల తరవాత, మాఘమాసపు పొడిగాలి రోజు చూసుకుని మా ఇంట్లో మొదలుపెట్టాను. ముందు టేపు పెట్టి కొలతలు రాసుకున్నాను. తెల్లగుడ్డ తడిపి లోపలి అంచు మీద అద్ది, రంగు దిగదని చూసుకున్నాను. రాత్రే నానబెట్టిన కుంకుడుకాయలు పిసికి, ఆ రసం రెండుసార్లు పల్చటి గుడ్డలో వడకట్టాను; వడకట్టకపోతే తెల్ల ఊలుకు మట్టిరంగు అంటుతుంది. నీళ్ళు చేతికి చల్లగానూ కాక, వెచ్చగానూ కాక ఉండాలి. 30 డిగ్రీలు దాటకూడదు. జాడించే నీళ్ళూ అంతే. వేడి నుంచి చల్లకు ఒక్కసారిగా మార్చినా ఊలు ముడుచుకుంటుంది.

స్వెట్టరు తిరగేసి, నీళ్ళలో పరిచి, పది నిమిషాలు వదిలేశాను. తరవాత అరచేతులతో అదమడమే. రుద్దలేదు, పిండలేదు. యాభై ఏళ్ళ మురికి టీ డికాక్షన్ రంగులో దిగింది. మూడుసార్లు నీళ్ళు మార్చాను. తడిసిన ఊలు బలహీనం, పైగా ఎన్నో రెట్లు బరువు. భుజాలు పట్టి ఎత్తితే ఆ బరువుకే సాగిపోతుంది. అందుకే చంటిపిల్లను నీళ్ళలోంచి తీసినట్టు కింద రెండు చేతులూ వేసి తీశాను. టర్కీ టవలు మీద పరిచి, చాపలా చుట్టి, మోకాలితో నొక్కాను. నీళ్ళన్నీ టవలు తాగేసింది.

ఆరబెట్టడానికి మన నులకమంచాన్ని మించింది లేదు. మీద పొడి పంచె వేసి, రాసుకున్న కొలతలకు సరిగ్గా సర్ది, చేతులు ఒంటికి ఆనించి, నీడలో ఉంచాను. కింద నుంచీ గాలి ఆడుతుంది. దండెం మీద వేస్తే సాగుతుంది, ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. పూటకోసారి తిరగేస్తూ రెండు రోజులు ఆరనిచ్చాను. ఊలు తన బరువులో మూడోవంతు దాకా తేమను పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తోస్తుంది. ఆరిందనుకుని మడిచిపెట్టిన స్వెట్టరే బూజుపడుతుంది. “శ్రావణంలో తివాచీ తడపం, కొల్లేటి గాలిలోనే నీళ్ళుంటాయి” అని సాయిబుగారు అన్నది ఇందుకే.

దాచడమూ సాయిబుగారింట్లోనే నేర్చుకున్నాను. ఊలును తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. దానికి చెమట, తిండి మరకలు అంటిన ఊలంటే మరీ ఇష్టం. కాబట్టి ఉతక్కుండా దాచకూడదు. హేంగరుకు తగిలించకుండా, ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా, మడిచి పాత నూలుగుడ్డలో చుట్టాలి. ఎండిన వేపాకు వాడుక మంచిదే, కాని దాని మీదే భారం వేయకూడదు. నెలకో, రెండు నెలలకో తీసి దులిపి గాలికి పెట్టడమే అసలు కాపలా.

తంగెళ్ళమూడిలో మగ్గాలు తగ్గిపోయాయి. నెలల తరబడి కూర్చుని వేసిన ముడికి గిట్టుబాటు లేక పిల్లలు వేరే పనులు చూసుకున్నారు. మిషను తివాచీ చవక. పోయేది తివాచీ ఒక్కటే కాదు. వెంట్రుకను వెంట్రుకగా చూసుకునే చేతి జ్ఞానం కూడా దానితో పోతుంది. ఏలూరు వెళ్ళేవాళ్ళు ఒక పూట ఆ మగ్గం ముందు నిలబడి చూడండి. వీలైతే చిన్న ఆసనమైనా కొనండి. మీ ఇంటి పెట్టెలో అమ్మో, అత్తగారో అల్లిన ఊలు ఉంటే వానలు పడకముందే బయటికి తీయండి.

మూడో రోజు అమ్మ స్వెట్టరు మళ్ళీ కొలిచాను. ఛాతీ 40 అంగుళాలు, పొడవు 25. ఉతక్కముందు కాగితం మీద రాసుకున్నవీ అవే.