పులేషం

మీరు మమ్మల్ని ముద్దుగా చూసింది పులేషంలోనే.

మొహర్రం తొమ్మిదో నాడు తప్పెట మోగితే చాలు, మా మైపాడు దిక్కు పల్లెల్లో రెడ్లూ, యానాదులూ, పట్టపోళ్లూ బిడ్డల్ని చంకనేసుకొని వాకిళ్లలోకి వచ్చేవాళ్లు. పులి ఎవరో అందరికీ తెలుసు. రోజూ వాళ్ల సైకిళ్లకు పంచర్లు వేసే మా చిచ్చానే. అయినా బిడ్డలు జడుసుకునేవాళ్లు, తల్లులు నవ్వేవాళ్లు, చేటలో బియ్యం తెచ్చి పోసేవాళ్లు.

అది సరదా కాదు, మొక్కు. కూతురికి జబ్బు చేసి బతికితే ఏడేళ్లు పులేషం కడతానని చిచ్చా పీర్ల ముందర మొక్కుకున్నాడు. తెల్లారకముందే ఒళ్లంతా గొరిగించుకుని పచ్చ పెయింటు పూయించుకునేవాడు. అది ఆరేదాకా కూర్చోకూడదు, ఆనుకోకూడదు. రెండు కర్రలు ఊతంగా పట్టుకొని, చేతులు చాపి నిలబడాల. ఆరినాక నల్లచారలు, నడుముకు తోక. రాత్రికి కిరసనాయిలుతో రుద్దితే రంగుతో పాటు తోలు కూడా లేచొచ్చేది. జేజి కొబ్బరినూనె పూస్తా ఏడ్చేది.

పులే ఎందుకని అడిగితే, హజ్రత్ అలీకి షేర్-ఎ-ఖుదా అని పేరు కదా అనేది జేజి. షేర్ అంటే సింహమూ అవుతుంది, పులీ అవుతుంది. నల్లమల ఉన్న దేశంలో అది పులే అయినట్టుంది.

1992 డిసెంబరు 6 తర్వాత ఒక శుక్రవారం. చిచ్చా తెల్ల పైజామా తొడుక్కొని, టోపీ పెట్టుకొని నమాజుకు పోతున్నాడు. టీ అంగడి కాడ ఎవరో అన్నారు: "ఏం సాయిబూ, ఏషం కట్టినావే!"

అందరూ నవ్వారు. పులికి బియ్యం పోసిన చేతులే వాళ్లలోనూ ఉన్నాయి.

సినిమాల్లో మాకు గళ్ల లుంగీ కట్టి, మెడలో తాయెత్తు వేసి, వచ్చీరాని తెలుగు మాట్లాడిస్తారు. మా జేజి తిడితే అచ్చం నెల్లూరు తెలుగే. అది వినడానికి ఏ డైరెక్టరూ మా వీధికి రాలేదు.

అమెరికాలో 1955లో మొదలైన డిస్నీలాండులో ఒక నియమం ఉంది. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు మామూలు రోజుల్లో కథల్లోని రాజకుమారుల వేషాలు వేసుకొని లోపలికి రాకూడదు. పద్నాలుగేళ్లు నిండితే వాళ్ల లెక్కలో పెద్దవాళ్లే. జీతానికి వేషం కట్టినవాళ్లు వీళ్లేనని మిగతా జనం పొరబడతారని భయం. ఎవరు వేషంలో ఉన్నారో, ఎవరు లేరో అక్కడ అంత కచ్చితంగా తేల్చుకుంటారు. మా చిచ్చాకు ఆ భాగ్యం లేదు.

ఇంకో పక్క మా పిల్లకాయలే గడ్డాలు పెంచుకొని వచ్చి, పీర్లు షిర్క్, పులేషం హరామ్ అన్నారు. వాళ్ల మీద కోపం రాలేదని చెప్పలేము. కానీ టీ అంగడిలో నవ్వినోళ్లే వాళ్లను అటు తోశారని మాకు తెలుసు.

చిచ్చా ఎవరికీ జవాబు చెప్పలేదు. అయిదేళ్లు కట్టి మానుకున్నాడు. ఇంకా రెండేళ్ల మొక్కు మిగిలింది.

ఆ ఏడు తప్పెట మోగితే మేమే వాకిట్లోకి వచ్చాము. పులి ఎవరా అని చూస్తే ఒక యానాది పిల్లోడు. చిచ్చా అంగట్లోనే గాలి కొట్టడం నేర్చుకున్నవాడు. "నీ బాకీ రెండేళ్లూ నేను కడతాలే చిచ్చా" అన్నాడు.

చిచ్చా చాలాసేపు వాణ్ణే చూశాడు. తర్వాత దగ్గరికి పోయి, "తోక జారిపోతా ఉంది, ఇట్లా తిరుగు" అని ముడి విప్పి మళ్లీ కట్టాడు.