పేదనేల మొక్కలు

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో పిచ్చర్ మొక్క బొమ్మ ఉంటుంది. ఆకు చివర కూజాలాంటి సంచి, దాని మీదొక మూత. లోపలికి జారిపడిన పురుగును ఆ మొక్క అరిగించుకుంటుంది. ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ పిల్లలు అడిగేది ఒకటే: "సార్, దాని విత్తనాలు తెప్పించి మన బడిలో వేద్దామా?"

మన దేశంలో అది మేఘాలయలోని గారో, ఖాసీ, జైంతియా కొండల్లో పెరుగుతుంది. గారో ఆదివాసులు దాన్ని 'మెమాంగ్ కోక్సి' అంటారు. దయ్యం బుట్ట అని అర్థం. శాస్త్రవేత్తలు పేరు పెట్టకముందే దానికి మనలాంటివాళ్లు పెట్టుకున్న పేరుంది. దాంట్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. రెండూ దగ్గరగా పూస్తేనే విత్తనం కడుతుంది. ఆ విత్తనం దారప్పోగంత సన్నగా ఉంటుంది. తడి నాచు మీద చల్లి, మట్టి కప్పకుండా వదిలేయాలి. వాననీళ్లే పోయాలి. ఎరువు వేస్తే చచ్చిపోతుంది. మొలకకు వారాలు, మంచి కూజాలు రావడానికి ఏళ్లు పడుతుంది. బోర్నియోలోని కినబాలు కొండ మీది రకాలకైతే రాత్రిళ్లు చలి కావాలి. చాపాడు ఎండలకు అవి నిలవవు.

ఇది విని పిల్లలు నీరసపడతారు. అప్పుడు నేను ఎర్రచందనం కాయ చేతిలో పెడతాను. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఇలా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే ఈ చెట్టు అడవిగా పెరుగుతుంది. లోకంలో ఇంకెక్కడా దానంతటది పుట్టదు. అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో దాని పేరుంది. పిచ్చర్ మొక్కలాగే ఇదీ పేదనేల మొక్క. రాళ్ల గుట్టల మీద, పలచని మట్టిలో బతుకుతుంది. కె.సి. కాలువ కింది వరిమడిలో నీళ్లు నిలిచే చోట వేస్తే వేరు కుళ్లిపోతుంది.

ఒక రైతు తన గట్టున పెంచుకున్న చెట్టు కింద రాలిన కాయలు అడిగి తెచ్చుకున్నాం. కాయ బిళ్లలా గుండ్రంగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. లోపల ఎక్కువగా ఒకటే గింజ. రెక్క కత్తిరించి, పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో పెట్టాం. 50 కాయలు పెడితే 11 మొలిచాయి. మొలవనివాటిని పిల్లలు తవ్వి చూశారు. కొన్నింటిలో గింజే లేదు. పెంకు గట్టిగా ఉండి కొన్ని కదల్లేదు. చెట్టు నిండా కాసినా అడవిలో మొక్కలు ఎందుకు తక్కువో వాళ్లకు పుస్తకం లేకుండానే అర్థమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలకు ఎర్రచందనం అనగానే దుంగలు, పోలీసులు, కేసులే గుర్తొస్తాయి. పేపర్లో ఆ చెట్టు ఎప్పుడూ నరికిన దుంగగానే కనిపిస్తుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. అందులో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. దుంగ లాభం ఎక్కడికో పోతుంది. గొడ్డలి పట్టినవాడి ప్రాణం మాత్రం ఇక్కడే పోతుంది. ఆ గొడ్డలి వెతుక్కుంటూ వచ్చేది పనిలేని కొండ ఇళ్లకే.

విత్తనం నాటినంత మాత్రాన ఆ పేదరికం పోదు. కానీ జానెడు మొలకకు రోజూ నీళ్లు పోసిన పిల్లవాడికి, ఆ చెట్టులో చేవ కట్టడానికి పదుల ఏళ్లు పడుతుందని తెలుసు. రేపు ఎవరైనా ఒక్క రాత్రి కూలికి పిలిస్తే, ఆ లెక్క వాడికి గుర్తొస్తుందని నా నమ్మకం. నర్సరీలో మొక్కలు పెంచడం కూడా అడవి పనే, అదీ భయం లేని పని.

తోటి టీచర్లకు ఒక మాట. కాయలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండుతాయి. అనుమతి లేకుండా అడవిలో ఏరకండి. పట్టా భూమిలోని చెట్టును అడగండి, లేదా అటవీ శాఖ నర్సరీకి పిల్లలతో వెళ్లండి. మొక్కలు పెరిగాక గూడెంలో పెద్దవాళ్లను బడికి పిలిచి, ఆ కొండల్లోని ఇంకో పది చెట్ల పేర్లు చెప్పించండి. పిల్లలు వాటిని నోటుబుక్కులో రాసుకోనివ్వండి.